చక్రం చాటు బ్యాటరీ

కారు నడిపే ఆడవాళ్లు మన ఊళ్లలో ఇప్పుడు వింత కాదు. మా తెనాలిలోనే చూడండి, పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దింపి అటునుంచి అటే ఆఫీసుకు వెళ్లేవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. ఇరుకు సందులో రివర్సు తియ్యడం, బంకులో సున్నా చూసుకుని పెట్రోలు కొట్టించుకోవడం, ఇన్సూరెన్సు తేదీ గుర్తుపెట్టుకోవడం అన్నీ వచ్చు. కానీ ఒక పొద్దున తాళం తిప్పగానే బండి టక్ టక్ మని ఊరుకుంటే మాత్రం, ఇంజనీరింగు చదివిన పిల్ల అయినా సరే, చేసే మొదటి పని ఫోను తియ్యడం. ఆయనకో, అన్నయ్యకో, మెకానిక్కుకో! బోనెట్ ఎత్తి చూద్దామన్న ఊహే రాదు. రాదు అనడం కూడా సరికాదేమో, రానివ్వలేదు అనాలి.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. సీసపు బ్యాటరీ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సీసం పలకలు, సీసం డయాక్సైడు పలకలు, మధ్యలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఒక్కో గదికి సుమారు రెండు వోల్టులు, ఆరు గదులు కలిపితే పన్నెండు. బొమ్మ గీయమంటే ఆడపిల్లలు స్కేలు పెట్టి కళ్లకద్దుకునేలా గీసేవాళ్లు. కానీ తనిఖీకి వచ్చిన అధికారి గారి జీపు మొరాయిస్తే, "ఒరేయ్, ఇట్లా రండ్రా" అని పిలిచేది మగపిల్లల్ని. ఆ పిల్లల్లో సగం మందికి పాఠంలో పాతిక మార్కులు రావు. అయినా బోనెట్ కింద తల దూర్చేది వాళ్లు, కిటికీలోంచి చూసేది వీళ్లు.

ఇందులో తమాషా ఏమిటంటే, అసలు ఆడవాళ్లను స్టీరింగు ముందు కూర్చోబెట్టిన వాటిలో ఈ బ్యాటరీ కూడా ఒకటి. తొలినాళ్లలో పెట్రోలు కారు కదలాలంటే ముందువైపు ఇనుప హ్యాండిల్ దూర్చి గిరగిరా తిప్పాలి. పెళ్లిళ్లకు మాట్లాడుకున్న అంబాసిడర్లకు డ్రైవర్లు అలా హ్యాండిల్ కొట్టడం మా తరం వాళ్లకు బాగా గుర్తే. ఇంజను ఒక్కోసారి ఎదురు తన్నేది. తన్నిందంటే మణికట్టు విరిగేది. 1912లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ, చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరును తన కార్లలో బిగించింది. అక్కడి నుంచి కండబలంతో పని లేకుండా పోయింది. మీట నొక్కితే బండి స్టార్టు. ఆ మీట వెనకున్న శక్తి అంతా బ్యాటరీదే. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసపు బ్యాటరీ సూత్రమే ఇప్పటికీ మన పెట్రోలు, డీజిలు కార్లలో చాలావాటిని నడిపిస్తోంది. కారును మన చేతికి తెచ్చిన వస్తువు మీదే మన చెయ్యి పడకూడదంటే ఎలా?

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకు వచ్చిందో చెబుతాను. 2024 ఆగస్టులో నేను అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఇర్వింగులో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అక్కడి ఆగస్టు మన రెంటచింతల మే నెలకు తీసిపోదు. మా అమ్మాయి కారు పొద్దున పూట స్టార్టవడానికి మూలగడం మొదలుపెట్టింది. తాళం తిప్పగానే డాష్‌బోర్డు దీపాలు గుడ్డి దీపాల్లా అయిపోతున్నాయి. బ్యాటరీ మీద నాలుగేళ్లు దాటాయి. చలికి బ్యాటరీలు చస్తాయని అందరూ అనుకుంటారు గానీ, వాటిని నిజంగా తినేసేది ఎండ. వేడికి లోపల రసాయన చర్యలు జోరెక్కి పలకలు తొందరగా అరిగిపోతాయి. ఆ బలహీనత చలి పొద్దున బయటపడుతుంది, అంతే. మన గుంటూరులోనైనా, రామగుండంలోనైనా బ్యాటరీ మూడు నాలుగేళ్లు వచ్చిందంటే అది పెట్టిన అన్నం అరిగించుకున్నట్టే.

కొత్తది కొనుక్కొచ్చి బిగించుకుందామని బోనెట్ ఎత్తితే అక్కడ బ్యాటరీ లేదు! ఎర్ర మూత ఉన్న ఒక బుడిపె, నల్లటి ఇంకో బుడిపె మాత్రం ఉన్నాయి. అసలు బ్యాటరీ ఎక్కడో ఎడమ ముందు చక్రానికి ముందు, ప్లాస్టిక్ తడిక వెనక దాక్కుని ఉంది. అమెరికాలో విడిభాగాల దుకాణాల వాళ్లు చాలా కార్లకు బ్యాటరీ ఊరికే బిగించి పెడతారు. కానీ ఇలా మూలన దాక్కున్న వాటికి మాత్రం "మేం చెయ్యం" అంటారు. దుకాణం వాళ్లు అదే అన్నారు. దగ్గర్లోని ఒక గ్యారేజీని అడిగితే, చక్రం విప్పాలి, బ్యాటరీ ధర కాక కూలి 150 డాలర్లు అన్నారు. మా అల్లుడు గారు పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. ఫోనులో, "అత్తయ్యగారూ, మీకెందుకండీ ఈ శ్రమ, శనివారం వచ్చి నేను చూస్తాగా" అన్నారు. మంచివాడే పాపం. కానీ శనివారం దాకా? ఆ ఊళ్లో కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా రాదు. చిన్నవాడిని డే కేరులో దింపాలి. ఎండలో, రోడ్డు మధ్యలో, వెనక సీట్లో పసివాడిని పెట్టుకుని బండి ఆగిపోతే? ఆడదానికి కారు ఎందుకు అంటే వేళకు కదలడానికి. అది కదులుతుందో లేదో అన్న సంగతి ఇంకొకరి తీరిక మీద ఆధారపడితే, ఆ స్వాతంత్య్రం తాళం చెవి వరకే.

అంచేత మేమిద్దరం మార్చాలనుకున్నాం.

కారు తయారుచేసేవాళ్లు బ్యాటరీని ఇంత దూరాన ఎందుకు పెడతారు అని మీరు అడగవచ్చు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కారణాలు లేకపోలేదు. బోనెట్ చిన్నదైపోయి, లోపల సామాను పెరిగిపోయి, చోటు చాలడం లేదు. ఇంజను వేడికి దూరంగా ఉంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. బరువు ముందు వెనకలకు సర్దుబాటవుతుంది. పాత వోక్స్‌వాగన్ బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద ఉండేది. బీఎండబ్ల్యూ కార్లలో చాలావాటికి వెనక డిక్కీలో ఉంటుంది. 2009లో వచ్చిన మన టాటా నానోకు ముందు సీటు కింద. డాడ్జ్ జర్నీ, క్రైస్లర్ సెబ్రింగ్ లాంటి వాటికి ముందు చక్రం గూట్లో. షెవర్లే ట్రావర్స్ తొలి తరం బండ్లకు ముందు సీటు వెనక, కాళ్లు పెట్టుకునే చోట, కార్పెట్టు కింద!

కారణాలు ఒప్పుకుంటాను గానీ ఒక సందేహం మాత్రం నన్ను వదలదు. మూడు నాలుగేళ్లకోసారి మార్చక తప్పదని ముందే తెలిసిన వస్తువు ఇది. ఇంజనుతో పాటు పదిహేనేళ్లు ఉండేది కాదు. దాన్ని అందని చోట పెట్టినవాడు ఒక్కసారైనా దాన్ని తనంతట తాను మార్చి చూశాడా? వంటిల్లు కట్టే మేస్త్రీ ఎప్పుడూ వంట చెయ్యడు కనక గట్టు ఎత్తు ఎప్పుడూ తేడాగానే ఉంటుంది. ఇదీ ఆ బాపతే. 2022లో మన కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు గురించి కమిటీ వేసినప్పుడు అందులో సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలను కూడా చేర్చింది. మంచిదే. అలాంటి చోట మాట్లాడేవాళ్లలో కారు నడిపే గృహిణి కూడా ఒకరుండాలని నా కోరిక.

సరే, పనిలోకి వద్దాం. కారు కొన్నప్పుడు ఒక లావుపాటి పుస్తకం ఇస్తారు. ఎవరూ చదవరు, గ్లవ్ బాక్సులో సీలు కూడా విప్పకుండా పడి ఉంటుంది. మా అమ్మాయి దాన్ని తీసి చదివింది. "స్టీరింగు పూర్తిగా కుడివైపు తిప్పండి, చక్రం గూటి లోపలి తడిక తీయండి, చక్రం విప్పనక్కర్లేదు" అని తేటతెల్లంగా రాసి ఉంది. స్టీరింగు కుడికి తిప్పితే ఎడమ చక్రం ముందు భాగం లోపలికి వెళ్లి, చెయ్యి పెట్టడానికి చోటు వస్తుంది. చక్రం విప్పితే ఇంకా చోటు వస్తుంది, కాదనను. కానీ అప్పుడు బండిని జాకీ మీద లేపాలి. జాకీని నమ్మి బండి కింద చెయ్యి పెట్టకూడదు, విడిగా స్టాండు పెట్టాలి. ఆ హంగామా అక్కర్లేదని పుస్తకమే చెబుతుంటే 150 డాలర్లు దేనికి? అమ్మాయి ఆ పేజీ చూపించి నవ్వింది, నేను నవ్వలేదు. ఇలా పేజీ చదవని ఆడవాళ్ల దగ్గర ఎంతమంది ఎంత వసూలు చేస్తున్నారో అనిపించింది. (మగవాళ్ల దగ్గర కూడా చేస్తారు లెండి. కాకపోతే వాళ్లు బయటకు చెప్పరు.)

ముందు నిజంగా తప్పు బ్యాటరీదేనా అని చూసుకోవాలి. మల్టీమీటర్ అని చేతిలో పట్టేంత పరికరం ఉంటుంది, మన దగ్గర నాలుగైదు వందల్లో దొరుకుతుంది. బండి రాత్రంతా నిలబడ్డాక పొద్దున కొలిస్తే మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.4 అంటే ముప్పాతిక వంతు ఉన్నట్టు. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తున్నప్పుడు కొలిస్తే 14 అటూ ఇటూ ఉండాలి. అప్పుడు కూడా 12 లోనే కొట్టుకుంటుంటే, జబ్బు చార్జి ఎక్కించే ఆల్టర్నేటరుది కావచ్చు. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదే కథ. ఈ రెండు అంకెలు తెలిసిన ఆడమనిషి ముందు మెకానిక్కు నాలుక జాగ్రత్తగా తిప్పుతాడు. బ్యాటరీ ఎక్కడ దాక్కున్నా సరే, ఆ ఎర్ర, నల్ల బుడిపెల దగ్గర కొలవచ్చు. అవి ఉన్నది అందుకే. మా అమ్మాయి కారు స్టార్టవక ముందు 12.1 చూపించింది, స్టార్టయ్యాక 14.2. అంటే ముసలిది బ్యాటరీయే.

పొద్దున ఆరున్నరకి, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాం. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ఇటుక ముక్కలు అడ్డంపెట్టాం. తర్వాత చేతులు చూసుకున్నాం. ఇది ఆడవాళ్లకే చెప్పాల్సిన ముచ్చట, మగవాళ్లు రాసిన పుస్తకాల్లో ఉండదు. బంగారు గాజులు, ఉంగరాలు, ఇనుప గొలుసు వాచీ అన్నీ తీసెయ్యాలి. బ్యాటరీ రెండు కొసల మధ్య లోహం పడిందంటే ఒక్క క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుంటుంది. మెడలో సూత్రాలు వంగినప్పుడు వేలాడకుండా జాకెట్టు లోపలికి దోపుకుని, పైన బిగుతుగా పాత చొక్కా వేసుకున్నాను. చీర కొంగు, చున్నీ పనికిరావు. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు గ్లవ్సు. లోపలున్నది ఆసిడ్. చీర మీద పడితే రెండో ఉతుక్కు చిల్లు కనిపిస్తుంది, కంట్లో పడితే పావుగంట పాటు నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

చక్రం గూట్లో తడికను ప్లాస్టిక్ గుండీలతో బిగిస్తారు. స్క్రూడ్రైవరు మొనతో గుండీ తల పైకి లేపితే ఊడి వస్తుంది. ఎండకు పెళుసెక్కిన గుండీ ఒకటి విరిగింది, విరగడం వాటి స్వభావం, డజను గుండీలు తక్కువకే వస్తాయి. తడిక వంచగానే బ్యాటరీ కనిపించింది. దాని కొసల మీద తెల్లగా, నీలంగా పూత. మన ఇన్వర్టర్ బ్యాటరీల మీద చూస్తామే, అదే. వంటసోడా నీళ్లల్లో కలిపి పాత టూత్ బ్రష్షుతో రుద్దితే పొంగి వదిలిపోతుంది. సోడా క్షారం, అది ఆమ్లం, పదో తరగతి పాఠమే.

ఇక విప్పే వరస. ముందు రుణ ధ్రువం, అంటే మైనస్ తీగ తియ్యాలి. తర్వాతే ప్లస్. పెట్టేటప్పుడు తిరగేసి, ముందు ప్లస్, ఆఖరున మైనస్. ఇదేదో వ్రత విధానం కాదు, కారణం ఉంది. కారు శరీరమంతా మైనస్‌కు కలిపి ఉంటుంది. మైనస్ ఉండగానే ప్లస్ విప్పబోతే, చేతిలో పానా పొరపాటున కారు రేకుకు తగిలినా నిప్పులు ఎగురుతాయి. ఇరుకు గూట్లో పానా ఎక్కడో ఒకచోట తగలక మానదు. మైనస్ ముందే తీసేస్తే ఎక్కడ తగిలినా ఏమీ కాదు. ఈ వరస తెలిస్తే సగం భయం పోతుంది. తీసిన తీగ మళ్లీ వెనక్కి వచ్చి తగలకుండా పాత గుడ్డ చుట్టి పక్కకు కట్టాం. చాలా కార్లకు ఈ మరలు 10 నంబరు పానాకే వస్తాయి. బ్యాటరీని అడుగున పట్టి ఉంచే బోల్టు ఒకటి ఉంది చూశారూ, అదే మమ్మల్ని ఏడిపించింది. పానాకు పొడవాటి కడ్డీ తగిలించి, కంటికి కనిపించకుండా చేతి తడుముడుతోనే తిప్పాలి. అమ్మాయి చెయ్యి సన్నం కనక దూరింది. ఆ గ్యారేజీ మనిషి చెయ్యి దూరేదా అని నాకు అనుమానమే! మగవాళ్ల పని అనే వాటిలో చాలావాటికి సన్నని చెయ్యి, ఓపిక కావాలి గానీ కండలు కాదు.

బరువు మాటకొస్తే, బ్యాటరీ 18 కేజీలు. అమ్మో అనకండి. మన ఇంటికి వచ్చే గ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కేజీలు, ఇనుము ఇంకో 15. అంటే దగ్గర దగ్గర ముప్ఫై. దాన్ని గుమ్మం నుంచి గట్టు కింద దాకా అంచు మీద దొర్లించుకుంటూ తెచ్చేదెవరు? రెగ్యులేటరు బిగించి, సబ్బు నురగ పెట్టి లీకు చూసేదెవరు? ఇల్లంతా పేల్చగల వస్తువును నెలనెలా మనమే మారుస్తున్నాం. "ఆయన వచ్చేదాకా ఆగవే" అని ఏ అత్తగారూ అనలేదు. ఎందుకంటే అది వంటింట్లో ఉంది. అదే బరువు, అంతకంటే తక్కువ ప్రమాదం, కారులో ఉంటే మగవాళ్ల పని అయిపోయింది. నాకు ఇందులో కనిపించే తేడా వస్తువుది కాదు, గదిది.

కాకపోతే వంగి, పక్కకు తిరిగి, ఇరుకులోంచి లాగాలి. నడుముకు అదే ప్రమాదం. ఇద్దరు పట్టాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు. కొత్తది లోపలికి తొయ్యడం తియ్యడం కన్నా కష్టం, ఎందుకంటే కొసలు ఏవైపున్నాయో చూసుకుని మరీ పెట్టాలి. కొనేటప్పుడే పాతదాని సైజు, ప్లస్ ఎడమకా కుడికా, ఎన్ని ఆంపియర్లు, ఎప్పుడు తయారైంది అన్నీ సరిపోల్చుకోవాలి. దుకాణంలో ఏడాది పాటు మూలన పడివున్న బ్యాటరీని కొత్తదని అంటగడతారు జాగ్రత్త.

ఎనిమిదిన్నర లోపు పని అయిపోయింది. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, గడియారం సున్నా నుంచి మొదలైంది, రేడియో స్టేషన్లు చెరిగిపోయాయి, కిటికీ అద్దాలు వాటంతట అవి పైకి లేవడం మానేశాయి. పుస్తకంలో అన్నిటికీ మందుంది, పది నిమిషాల పని. అమ్మాయి పసుపు కుంకుమ తెచ్చి బ్యాటరీకి బొట్టు పెట్టింది. హారతి వెలిగిస్తానంటే మాత్రం వద్దన్నాను. చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. దాని పక్కన కర్పూరం కాదు కదా అగరువత్తి కూడా వద్దు. ఆయుధపూజకు కార్ల ముందు కొబ్బరికాయ కొట్టే మన వాళ్లంతా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మేలు, హారతి బోనెట్ మూసి ఇవ్వండి.

ఇదంతా మా వీధిలో చెబితే ఒక స్నేహితురాలు ఠక్కున అడిగింది, "వంట మనదే, పిల్లల చదువులు మనవే, ఉద్యోగం మనదే, ఇప్పుడు కారు మరమ్మతు కూడా మన నెత్తినే వేస్తావేమిటి తల్లీ?" అని. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. చేతనైన ఆడదానికి పని పెరుగుతుందే తప్ప తరగదు, ఇది మన ఇళ్లలో చూస్తున్నదే. స్కూటరు నేర్చుకున్న కోడలికే కూరలు, కరెంటు బిల్లు, మామగారి మందులు అన్నీ వచ్చి పడ్డాయి. రేపు బ్యాటరీ కూడా పడవచ్చు. పైగా మన ఊళ్లలో ఫోను చేస్తే దుకాణం కుర్రాడు బండి మీద బ్యాటరీ పెట్టుకుని ఇంటికే వచ్చి, పది నిమిషాల్లో ఊరికే బిగించి పోతాడు. మన చిన్నకార్లలో చాలావాటికి బ్యాటరీ బోనెట్ ఎత్తగానే ఎదురుగా ఉంటుంది. అలాంటప్పుడు ఆ కుర్రాడి పొట్ట కొట్టి మనమే బిగించుకోవాలని నేనూ అనను.

కానీ బిగించడం వేరు, తెలియడం వేరు. ఆ కుర్రాడు వచ్చినప్పుడు కాఫీ కలపడానికి లోపలికి వెళ్లకుండా పక్కన నిలబడండి. మైనస్ ముందు తీశాడా చూడండి. కొత్త బ్యాటరీ మీద తేదీ చదవండి. గ్యారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించుకోండి, ఆ కార్డు లేకపోతే ఉచితంగా మార్చే నెలలూ పోతాయి, ఆ తర్వాత ధరలో తగ్గింపు ఇచ్చే నెలలూ పోతాయి. పక్కన మీ అమ్మాయిని కూడా నిలబెట్టండి. రేపు ఆ పిల్ల ఇర్వింగులోనో, బెంగుళూరులోనో, కర్నూలు దారిలో రాత్రి పూటో ఒంటరిగా ఉన్నప్పుడు తాళం టక్ మంటే, ఏం జరిగిందో తనకు తెలియాలి. సాయం అడగడంలో తప్పేమీ లేదు. ఏం సాయం కావాలో తెలిసి అడగడం, ఏమీ తెలియక ఎవరు పడితే వాళ్ల కారు ఎక్కడం ఒకటి కాదు కదా.

తెలియడంలో దేని జోలికి పోకూడదో తెలియడం కూడా ఉంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు ఉంటాయి, వందల వోల్టులు. వాటిని ముట్టుకోవద్దు. సిగ్నలు దగ్గర ఇంజను దానంతట అదే ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లకు మామూలు బ్యాటరీ వేస్తే ఎక్కువ కాలం నిలవదు, వాటికి వేరే రకం ఉంటుంది. కొన్ని ఖరీదైన కార్లకు కొత్త బ్యాటరీ వేశాక కంప్యూటరుకు ఆ సంగతి చెప్పాలి, అది సర్వీసు సెంటరులోనే అవుతుంది. అలాంటి చోట డబ్బిచ్చి చేయించుకోవడమే తెలివి. బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉన్నా, ఆసిడ్ కారుతున్నా, కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నా తాకవద్దు, తాళం తిప్పవద్దు, నిప్పు దగ్గరకు రానివ్వద్దు.

ఇక పాత బ్యాటరీ. ఇర్వింగులో కొత్తది కొన్నప్పుడే పాతదాని తాలూకు డిపాజిట్టుగా ఇరవై డాలర్ల దాకా అదనంగా పట్టుకున్నారు, పాతది తెచ్చి ఇచ్చాక తిరిగిచ్చారు. అందుకే అక్కడ సీసపు బ్యాటరీలు దాదాపు అన్నీ తిరిగి కొలిమికి చేరతాయి. మన దగ్గర కూడా చట్టం ఉంది. 2001లో ఒకసారి, 2022లో మరింత గట్టిగా, పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెడుతూ నిబంధనలు వచ్చాయి. అయినా మనలో చాలామంది పాత ఇన్వర్టర్ బ్యాటరీని, కారు బ్యాటరీని వీధిలో అరుచుకుంటూ పోయే పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తాం. అది ఏ పేట వెనకో పగులుతుంది. ఆసిడ్ మట్టిలోకి, సీసం పొగ పక్కింటి పిల్లల ఊపిరిలోకి పోతుంది. 2020లో యునిసెఫ్ వాళ్లు వేసిన నివేదికలో, ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం హద్దు మీరి ఉందని, ఇలా ఇళ్ల మధ్య బ్యాటరీలు కరిగించడం అందుకు పెద్ద కారణమని రాశారు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, ఆ నష్టం తిరిగి పూడదు. పాతదానికి దుకాణంవాడు ఒక వంద తక్కువిచ్చినా సరే వాడికే ఇవ్వండి. ధర బిల్లులో తగ్గించి రాయించుకోండి, "పాతది తీసుకున్నాం" అన్న మాట దాని మీదే వేయించుకోండి.